రెండు మి.లీ.లో మందెంత? ఫిట్స్ మందు సీసా నేర్పిన ఒక కేస్ స్టడీ

ఆస్పత్రిలో పిల్లల విభాగానికి క్లినికల్ ఫార్మసిస్ట్‌గా పనిచేస్తున్నాను. ద్రావణం అంటే ఏమిటి, అవలంబనం (సస్పెన్షన్) అంటే ఏమిటి అన్న ప్రశ్నకు మనమంతా తొమ్మిదో తరగతిలో జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే. ఆ తేడా ఇంట్లో ఎవరికీ తట్టకపోవడం వల్ల ఒక పిల్లవాడు నెలల తరబడి ఒకసారి ఫిట్స్‌తో, మరోసారి మందు ఎక్కువైన మత్తుతో అవస్థపడ్డాడు. ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు. మందు వేళకు పడింది, కొలిచే పోశారు, రాసిన డోసు కూడా సరైనదే. అన్నీ సరిగ్గా ఉన్నప్పుడు తప్పు ఎక్కడుందో వెతకడం ఎలా అన్నది ఈ కేసులో నాకు ముఖ్యంగా కనిపించింది. అందుకే వివరంగా రాస్తున్నాను. ఊరు, పేర్లు, తేదీలు తీసేశాను. మనిషిని గుర్తుపట్టే వీలున్న కొన్ని చిన్న వివరాలు మార్చాను.

నేపథ్యం

పిల్లవాడికి ఏడేళ్ళు, బరువు 20 కిలోలు. నాలుగో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. మొదట సోడియం వాల్‌ప్రోయేట్ సిరప్ ఇచ్చారు. ఏడాదికి పైగా దానితో బాగానే ఉన్నాడు. తర్వాత లివర్ పరీక్షల్లో తేడా కనిపించడంతో డాక్టరు దాన్ని ఆపి ఫెనిటాయిన్‌కి మార్చారు. మాత్ర మింగలేడు, నలిపి తేనెలో కలిపి పెట్టినా కక్కేస్తాడు. కాబట్టి ఫెనిటాయిన్ సస్పెన్షన్ రాశారు. సీసా మీద 5 మి.లీ.కి 125 మి.గ్రా. అని ఉంది. పొద్దున 2 మి.లీ., రాత్రి 2 మి.లీ. అంటే పూటకి 50 మి.గ్రా., రోజుకి 100. కిలో బరువుకి 5 మి.గ్రా. లెక్కన పిల్లలకు మొదలుపెట్టే మామూలు డోసే ఇది. 100 మి.లీ. సీసా 25 రోజులు వస్తుంది.

తల్లి తెల్లవారకముందే పనికి వెళ్ళిపోతుంది. మందు పోసేది నాయనమ్మ. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, ఇంగ్లీషు రాదు. కానీ పూట తప్పిన మనిషి కాదు. పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది, గడియారం చూసి మరీ పోస్తుంది.

ఫెనిటాయిన్ గురించి రెండు మాటలు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. 1908లో జర్మనీలో తయారైన ఈ పదార్థం ఫిట్స్‌ని ఆపుతుందని 1938లో అమెరికాలో మెరిట్, పట్నమ్ అనే ఇద్దరు డాక్టర్లు చూపించారు. చవక మందు, బాగా పనిచేసే మందు, కానీ పెళుసైన మందు. రక్తంలో మిల్లీలీటరుకి 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలి. అంతకు తగ్గితే ఫిట్స్ తిరిగి వస్తాయి, మించితే మత్తు, తూలుడు. ఆ చిన్న పరిధిలో నిలబెట్టడం కూడా తేలిక కాదు. దాన్ని విరగ్గొట్టే ఎంజైములకు ఒక హద్దు ఉంది. ఆ హద్దు దగ్గరపడ్డాక డోసు కాస్త పెరిగినా లివర్ తట్టుకోలేదు, మందు రక్తంలో పోగుపడుతుంది. డోసు ఒకటిన్నర రెట్లయితే రక్తంలో మందు లెవెల్ ఒకటిన్నర రెట్లతో ఆగదు. మూడు నాలుగు రెట్లకూ పోవచ్చు.

ఏ ఇబ్బందితో వచ్చారు

మా ఓపీకి వచ్చింది ఫిట్స్ కోసం కాదు. "రెండు రోజుల నుంచి తాగినవాడిలా తూలుతున్నాడు మేడమ్, బళ్ళో నిద్రపోతున్నాడంట" అంది తల్లి. మాట ముద్దగా ఉంది. పక్కకి చూడమంటే కనుగుడ్లు కుదురుగా నిలవకుండా అదురుతున్నాయి. గీత మీద నడవమంటే కాలు తడబడింది. ఫెనిటాయిన్ ఎక్కువైనప్పుడు కనిపించే లక్షణాలే ఇవన్నీ. లెవెల్ 31 వచ్చింది.

అంతవరకూ అయితే మామూలు కేసే. డోసు తగ్గించి పంపేయవచ్చు. కానీ తల్లి తెచ్చిన ప్లాస్టిక్ కవర్లో ఇంకో ఆస్పత్రి చీటీ ఉంది. సుమారు నెలన్నర క్రితం ఫిట్స్ వచ్చి అక్కడికి తీసుకెళ్తే లెవెల్ 4 ఉందని అందులో రాశారు. అదే పిల్లవాడు, అదే మందు.

అంతకుముందు చేసినవి, అవి ఎందుకు కుదరలేదు

లెవెల్ 4 వచ్చినప్పుడు అక్కడి డాక్టరు పూటకి 2 మి.లీ.ని రెండున్నర చేశారు. ఆ కాగితం ఒక్కటే చూస్తే ఎవరైనా చేసే పని అదే. కొన్నాళ్ళకి పిల్లవాడు మత్తుగా ఉంటే దగ్గర్లోని ఇంకో క్లినిక్‌లో ఒకటిన్నరకి తగ్గించారు. మళ్ళీ ఫిట్స్ వస్తే తిరిగి రెండుకి వచ్చారు. ఒక్కొక్కరి నిర్ణయం ఆ రోజుకి సరైనదే. కానీ డోసు మారినప్పుడల్లా కింద నడుస్తున్న అసలు నమూనా కప్పబడిపోయింది.

మందు సరిగ్గా పోయడం లేదేమో అని అనుమానించడం సహజం. మేము కూడా మొదట అటే వెళ్ళాం. అయితే పూటలు ఎగ్గొడితే లెవెల్ 4 రావచ్చు గానీ 31 రాదు. రెండుసార్లు పోస్తే 31 రావచ్చు గానీ 4 రాదు. రెండూ చేసేంత గజిబిజి మనిషి కాదు ఆవిడ. మాట్లాడిన కాసేపట్లోనే ఆ సంగతి తెలిసింది. వేరే మందులేమైనా వాడారా అని అడిగాం. ఉదాహరణకి టీబీకి వాడే ఐసోనియాజిడ్ ఫెనిటాయిన్ లెవెల్‌ని పెంచుతుంది. అలాంటివేమీ లేవు. నాటు మందులు కూడా లేవు. షాపు మారిందా, కంపెనీ మారిందా అంటే అదీ లేదు.

ఇంట్లో కొలత ఎలా అని అడిగితే టీస్పూన్ అన్నారు. ఇక్కడ మాకు కారణం దొరికినట్టే అనిపించింది. ఇంటి స్పూన్లు ఒక్కోటి ఒక్కో సైజు. అందులో అరకంటే తక్కువ పోయమంటే ఏ పూటకి ఎంత పడుతుందో చెప్పలేం. మందు కొన్ని రోజులు ఆపి, లెవెల్ దిగాక, సూది లేని ఓరల్ సిరంజి ఇచ్చి, రెండో గీత మీద మార్కర్‌తో గుర్తు పెట్టి, కొత్త సీసాతో పూటకి 2 మి.లీ. మళ్ళీ మొదలుపెట్టించాం. ఆవిడ చేత నీళ్ళతో చేయించి చూశాం. గీతకి వెంట్రుకవాసి తేడా లేకుండా లాగింది.

రెండో వారంలో ఫిట్స్ వచ్చాయి. ఈసారి లెవెల్ 3.

సిరంజి ఇచ్చాక ఇంకా ఎందుకు తగ్గింది

కొలత బాగుపడ్డాక ఫలితం చెడిందంటే లోపం కొలతలో లేదని అర్థం. కొలుస్తున్న పదార్థంలో ఉంది. ఆ ఆలోచనతో అన్ని కాగితాలూ ముందేసుకున్నాను. తల్లి దగ్గర మందుల షాపు బిల్లులన్నీ ఉన్నాయి. ఇలాంటి కవర్లు దాచే తల్లులకి నేను మనసులో ఎప్పుడూ దణ్ణం పెట్టుకుంటాను. ఒక తెల్లకాగితం మీద గీత గీసి సీసా కొన్న తేదీలు పైన, ఫిట్స్ వచ్చిన తేదీలు కింద ఎర్ర పెన్నుతో, మత్తుగా ఉన్నాడని చెప్పిన రోజులు నీలం పెన్నుతో వేశాను. డోసు మార్పులు పక్కనబెట్టి చూస్తే ఎరుపంతా సీసా కొన్న మొదటి రెండు వారాల్లో పడింది. నీలమంతా సీసా అడుగంటే రోజుల్లో పడింది.

ఈ వరస చాలా అనుమానాలని కొట్టేసింది. నకిలీ మందో, నాసిరకం బ్యాచో అయితే ఏ సీసాకి ఆ సీసా తేడాగా ఉండాలి, ఒక్కో సీసాలో మొదలూ చివరా ఇలా తేడా రాదు. మూత తెరిచాక మందు చెడిపోతోందంటే మొదట్లో బలంగా ఉండి పోనుపోను తగ్గాలి. ఇక్కడ తలకిందులుగా ఉంది. మొదట పలచన, చివర చిక్కన. ఒకే సీసాలో పై భాగానికీ కింది భాగానికీ బలం తేడా ఉంటేనే ఇలా కుదురుతుంది. అంటే మందు అడుగుకి చేరుతోంది.

సిరంజి వచ్చాక ఎందుకు ఇంకా తగ్గిందో కూడా దీనితోనే తేలింది. స్పూన్లోకి పోసేటప్పుడు సీసా వంగుతుంది, లోపలిది కొంతైనా కదులుతుంది. సిరంజితో అయితే సీసా నిలబెట్టే ఉంటుంది, పైపైన ఉన్నదే లాగుతారు. మేమిచ్చిన పనిముట్టు కొలతని ఎంత కచ్చితం చేసిందో పై తేటనే తీయడాన్ని కూడా అంత కచ్చితం చేసింది.

సీసా ముందు కూర్చుని

వాడుతున్న సీసా తెమ్మని, ఇంట్లో ఎలా పోస్తారో అలాగే చేసి చూపించమని నాయనమ్మని అడిగాను. ఆవిడ గుడ్డసంచిలోంచి సీసాని రెండు చేతులతో మెల్లగా తీసి బల్ల మీద నిలబెట్టింది. మూత తిప్పింది. సిరంజి మొన పైన ముంచి గీత దాకా లాగింది. మొన తుడిచింది. నేను కోరుకున్న శ్రద్ధంతా ఉంది, ఒక్క ఊపడం తప్ప.

"ఊపరా మామ్మగారూ?"

"ఊపితే నురగొస్తుంది కదమ్మా. నురగలో రెండో గీత ఎక్కడుందో ఎట్టా తెలిసేది? పాత మందు కూడా ఎన్నడూ ఊపలా. బాగానే పనిచేసింది."

ఈ జవాబులో రెండు కారణాలు ఉన్నాయి, రెండూ బలమైనవే. నురగ నిజంగానే కొలతని చెడగొడుతుంది. పాత మందు ఊపకపోయినా పనిచేసిందన్నదీ నిజమే. సోడియం వాల్‌ప్రోయేట్ నీళ్ళలో పూర్తిగా కరిగిపోయే లవణం. ఆ సిరప్ ద్రావణం. పైన తీసినా కింద తీసినా, మొదటి రోజైనా చివరి రోజైనా, చుక్క చుక్కకీ మందు ఒకటే. ఆవిడ అలవాటు ఏడాదికి పైగా నడిచి నెగ్గిన అలవాటు. దాన్ని అజ్ఞానం అనేస్తే మనం ఇక ఏమీ నేర్చుకోలేం.

ముదురు గోధుమరంగు సీసా. లోపల మందు నారింజరంగు. మామూలు వెలుతురులో చూస్తే పైనుంచి కింది దాకా ఒకే రంగు, ఒకే చిక్కదనం. వెనక సెల్‌ఫోన్ టార్చ్ పెట్టి సీసాని కొద్దిగా వంచాను. ద్రవం పక్కకి జరిగింది, అడుగున వేలెడు మందాన పాలిపోయిన పొర జరగకుండా ఉండిపోయింది. మూత బిగించి తలకిందులు చేశాను. ద్రవమంతా మూతవైపు దిగింది, ఆ పొర మాత్రం అడుగుకే అంటుకుని ఉంది. కొంతసేపటికి ఒక అంచు విడిపడి ముద్దగా జారింది. నాయనమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

రంగు ఎందుకు మోసం చేసిందంటే, అందులో రంగు వేరు, మందు వేరు. రంగు, పంచదార, వాసన కోసం వేసినవి నీళ్ళలో కరిగి ఉంటాయి కాబట్టి అవి అంతటా సమానంగానే ఉంటాయి. ఫెనిటాయిన్ ఒక్కటే కరగకుండా పొడిగా తేలుతూ ఉంటుంది. మందు సగానికి సగం కిందికి దిగిపోయినా పైన ఉన్నది అదే రంగులో, అదే తీపితో, చూడ్డానికి మందులాగే ఉంటుంది. రంగూ రుచీ చూసి అంతా కలిసే ఉందనుకోవడం ఎంతటివాళ్ళకైనా సహజం.

వార్డులో పాత వాల్‌ప్రోయేట్ సిరప్ ఉంటే అదొక చెంచా, ఇదొక చెంచా రెండు గాజు గొట్టాల్లో నీళ్ళలో కలిపి వెనక న్యూస్‌పేపర్ పెట్టాను. వాల్‌ప్రోయేట్ గొట్టంలోంచి, రంగు ఉన్నా, అక్షరాలు చదవగలిగాం. రెండోదాంట్లోంచి ఏమీ కనిపించలేదు. వడపోత కాగితంలో పోస్తే మొదటిది మొత్తం దిగిపోయింది. రెండోది కాగితం మీద తెల్లని పొర మిగిల్చింది. మిగిలిందాన్ని అలాగే స్టాండులో వదిలేశాం. నీళ్ళు కలిపి పలచన చేశాం కాబట్టి సీసాలో కంటే త్వరగా, వాళ్ళు ఓపీలో ఉండగానే పైన తేట, కింద తెలుపు విడిపోయాయి.

"మజ్జిగ తేరుకున్నట్టేగా ఇది" అంది నాయనమ్మ. "పైన తేటే పోశానన్నమాట బిడ్డకి."

ఎందుకు అడుగుకి చేరుతుంది, ద్రావణంగానే ఎందుకు చేయరు

ద్రావణంలో కరిగిన పదార్థం అణువులుగానో అయాన్లుగానో విడిపోయి ఉంటుంది. వాటి సైజు సుమారు ఒక నానోమీటరు లోపే. అంత చిన్నవాటిని చుట్టూ ఉన్న నీటి అణువులు నిరంతరం కుదుపుతూనే ఉంటాయి కాబట్టి అవి అడుగుకి చేరవు. వడపోత కాగితం వాటిని ఆపలేదు, అవి వెలుతురుకి అడ్డం పడవు. అవలంబనంలో ఉండేవి రేణువులు, మైక్రోమీటర్ల సైజువి, అణువుతో పోలిస్తే వేల రెట్లు పెద్దవి. వాటిని నీటి కుదుపు మోయలేదు, బరువు కిందికి లాగుతుంది. ఎంత వేగంగా దిగుతాయో లెక్కకట్టే సూత్రాన్ని 1851లో స్టోక్స్ ఇచ్చాడు. రేణువు వ్యాసం రెట్టింపైతే దిగే వేగం నాలుగింతలు, పదింతలైతే వందింతలు. ద్రవం చిక్కబడితే ఆ మేరకు వేగం తగ్గుతుంది. అందుకే మందుల కంపెనీలు పొడిని మెత్తగా నూరతాయి, జిగురు పదార్థాలు కలిపి ద్రవాన్ని చిక్కబరుస్తాయి. వీటివల్ల దిగడం ఆలస్యమవుతుంది గానీ ఆగదు. రోజుల తరబడి కదపకుండా పెట్టిన సీసాలో అది దిగి తీరుతుంది. మరీ మెత్తటి రేణువులు ఒకదాని సందులో ఒకటి సర్దుకుని గట్టి గడ్డ కట్టే ప్రమాదం కూడా ఉంది. అలా గడ్డ కట్టినదాన్ని మళ్ళీ కలపడం కష్టం. కాబట్టి సస్పెన్షన్ తయారుచేసేవాళ్ళు మందు అసలు దిగకూడదని పట్టుబట్టరు. దిగినా ఊపగానే తిరిగి కలిసేలా చూసుకుంటారు. ఊపడం వాడేవాళ్ళ వంతుకి వదిలేసిన పని.

అయితే దీన్నీ ద్రావణంగానే చేయొచ్చు కదా అని తల్లి అడిగింది. మంచి ప్రశ్న. ఫెనిటాయిన్ నీళ్ళలో దాదాపు కరగదు. లీటరు నీటిలో 20, 30 మి.గ్రా.కి మించి పట్టదు. ఈ పిల్లవాడి ఒక్క పూట డోసు 50 మి.గ్రా. కరగాలంటే లీటరున్నరకి తక్కువ కాకుండా నీళ్ళు తాగించాలి. సోడియం లవణంగా మారిస్తే కరుగుతుంది గానీ ఆ నీరు ఘాటైన క్షారంగా ఉంటేనే కరిగి ఉంటుంది. ఇంజెక్షన్ ఫెనిటాయిన్ పీహెచ్ సుమారు 12. దాన్ని గ్లూకోజ్ సెలైన్‌లో కలిపితే పీహెచ్ పడిపోయి కరిగింది కాస్తా పొడిగా విడిపోతుంది. నార్మల్ సెలైన్‌లోనే కలపాలని వార్డులో సిస్టర్లకి పదే పదే చెప్పేది అందుకే. అంత క్షారాన్ని పిల్లల నోట్లో పోయలేం. నోటి ద్వారా ద్రవరూపంలో ఇవ్వాలంటే సస్పెన్షన్ తప్ప దారి లేదు.

ఏం చేశాం

మూడు దారులు పరిశీలించాం. లెవెటిరాసిటమ్ నీళ్ళలో బాగా కరిగే ఇంకో ఫిట్స్ మందు, నోటి ద్రావణంగా దొరుకుతుంది. దానికి మారితే ఈ సమస్యే ఉండదు. కానీ ఒకసారి మందు మార్చిన పిల్లవాడు. ఫెనిటాయిన్ సరైన లెవెల్‌లో ఉన్న రోజుల్లో ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదని మేము గీసిన కాగితమే చెబుతోంది. పనిచేస్తున్న మందుని సీసా అలవాటు కోసం మార్చడం సరికాదని డాక్టరు అన్నారు, నేనూ ఒప్పుకున్నాను. మాత్రకి మారడం మంచిదే గానీ మింగడం రాదు. కాబట్టి అదే మందు, అదే డోసు ఉంచి, పద్ధతి మార్చాలని నిర్ణయించాం.

అప్పుడొచ్చింది చేతిలో ఉన్న సీసా సంగతి. "సగం పైన ఉంది మేడమ్, ఇవాళ్టి నుంచి బాగా ఊపి వాడేస్తాం" అంది తల్లి. ఈ మాట నాలుగు జీతం డబ్బులు లెక్కపెట్టుకునే ఇంట్లో ఎవరైనా అంటారు, మందుల షాపువాళ్ళూ అదే సలహా ఇస్తారు. కానీ అది ప్రమాదం. కాగితం మీద లెక్క వేసి చూపించాను. కొత్త సీసాలో 100 మి.లీ.కి మొత్తం 2,500 మి.గ్రా. ఉంటుంది. పై 50 మి.లీ. వాడినన్ని రోజులూ పూటకి 50 బదులు 25 మి.గ్రా. చొప్పునే వెళ్ళిందనుకుందాం. అంటే ఆ 50 మి.లీ.లో పోయింది 625 మి.గ్రా. మిగిలిన 50 మి.లీ.లో 1,875 మి.గ్రా. ఉండిపోయింది. దాన్ని ఎంత చక్కగా ఊపి కలిపినా 2 మి.లీ.కి 75 మి.గ్రా. వస్తుంది. అంటే ఒకటిన్నర రెట్లు. ఫెనిటాయిన్ లెవెల్ అంతకు ఎన్ని రెట్లు ఎగబాకుతుందో పైన చెప్పాను. ఊపకుండా కొంత వాడేసిన సీసాని తర్వాత ఊపి సరిచేయలేం. లోపలి నిష్పత్తే మారిపోయి ఉంటుంది. ఆ సీసా పారేయాలి. మా దగ్గరే తీసుకుని పారేశాం.

కొత్త సీసాతో మొదలుపెట్టాక మొదట "బాగా ఊపండి" అని చెప్పి పంపాం. వారంలో ఫోన్ చేసి, ఎలా ఊపుతున్నారో చూపించమంటే వీడియో కాల్‌లో నాయనమ్మ సీసాని కొద్దిగా అటూ ఇటూ ఆడించింది, అంతే. ఆవిడ దృష్టిలో అది బాగా ఊపడమే. పదిసార్లు ఊపండి అని చెబితే సరిపోతుందా అంటే అదీ చాలదు. ఎంతసేపు కదపకుండా ఉంది, ఎంత గడ్డ కట్టింది అన్నదాన్ని బట్టి ఎన్నిసార్లు ఊపాలో మారుతుంది. కాబట్టి లెక్క చెప్పడం మానేసి గుర్తు చెప్పాం. సీసాని తలకిందులు చేసి, వెనక టార్చ్ పెట్టి అడుగు చూడాలి. అడుగున ఏమీ అంటుకుని లేకపోతే చాలు, ఉంటే మళ్ళీ ఊపాలి. నురగ విషయంలో ఆవిడ అనుమానం సరైనదే కాబట్టి దానికీ దారి చూపాం. ఊపాక ఒకటి రెండు నిమిషాలు ఆగితే బుడగలు పైకి తేలిపోతాయి, మందు చిక్కటిది కాబట్టి ఆ కాసేపట్లో కిందికి దిగిపోదు. అప్పుడు సిరంజితో లాగాలి. సిరంజిలో బుడగ ఉంటే తిరిగి సీసాలోకి తోసి మళ్ళీ లాగాలి. సీసాని ఫ్రిజ్‌లో పెట్టొద్దని కూడా చెప్పాం. చల్లబడితే ద్రవం ఇంకా చిక్కబడి గడ్డ విడదీయడం కష్టమవుతుంది.

లెవెల్ ఎప్పుడు చూడాలన్నది బాగా ఆలోచించాం. ఒక్కసారి చూస్తే ఆ రోజు సంగతి తెలుస్తుందే తప్ప సీసా మొదటికీ చివరికీ తేడా పోయిందో లేదో తెలియదు. అందుకని రెండో సీసా సగానికి దగ్గరపడుతున్నప్పుడు ఒకటి, అడుగంటే రోజుల్లో ఒకటి తీశాం. 12, 14 వచ్చాయి. ఆ తర్వాత ఇప్పటివరకూ ఫిట్స్ లేవు, తూలుడు లేదు. డోసు మొదటి రోజు రాసిన పూటకి 2 మి.లీ.యే.

నేర్చుకున్నవి

ఇదే కేసు ఇంకొకరికి ఎదురైతే మొదట అడగాల్సింది సీసా ఎప్పుడు తెరిచారు అని. ఫెనిటాయిన్ లెవెల్ చీటీ మీద సాధారణంగా డోసు, చివరిసారి వేసిన టైము రాస్తారు. సస్పెన్షన్ అయితే సీసా తెరిచి ఎన్ని రోజులైందో కూడా రాయాలి. ఆ వివరం లేకుండా చూస్తే 4, 31 రెండూ డోసు మార్చమనే చెబుతాయి. మా విభాగంలో ఇప్పుడు అలాగే రాస్తున్నాం. ఫిట్స్‌కే వాడే కార్బమజపైన్ సస్పెన్షన్ తీసుకునే పిల్లలకీ ఇదే పాటిస్తున్నాం.

పక్కన కూర్చుని పోసి చూపించమనడం దండగ పని అని మన ఓపీల్లో చాలామంది అనుకుంటారు. టైము ఉండదు, నిజమే. కానీ ఎలా పోస్తున్నారని నోటితో అడిగితే "రెండు మి.లీ. పోస్తున్నాం" అన్న సరైన జవాబే ప్రతిసారీ వచ్చేది, ఊపడం లేదన్న సంగతి ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు. సీసా తీసుకుని చూపించేసరికి ఆ విషయం బయటపడింది.

"వాడే ముందు బాగా ఊపండి" అన్న మాట సీసా మీద ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో ఉంటుంది. తెలుగులో స్టిక్కర్ వేస్తే చాలదా అన్నారు కొందరు. మేము వేస్తున్నాం గానీ దాని మీదే నమ్మకం పెట్టుకోలేదు. పూర్తిగా కరిగిపోయిన సిరప్‌ల మీద కూడా చాలాసార్లు అదే మాట ముద్రించి ఉంటుంది. ఊపకపోయినా అవి పనిచేస్తాయి కాబట్టి జనం ఆ మాటని పట్టించుకోవడం మానేశారు. ఏ సీసాకి అది ప్రాణమో, ఏ సీసాకి అలవాటుగా రాసిందో చదివేవాళ్ళకి తెలిసే మార్గం లేదు. మందిచ్చేటప్పుడు "ఇది కరిగిన మందు", "ఇది కరగని మందు, అడుగుకి చేరుతుంది" అని విడదీసి చెప్పడం మాకు ఎక్కువ ఉపయోగపడింది. పొడిలో నీళ్ళు కలిపి చేసే యాంటీబయాటిక్ డ్రై సిరప్‌లు కూడా చాలావరకు ఈ రెండో రకమే. వాటితో ఇంత గొడవ బయటపడకపోవడానికి కారణం కోర్సు అయిదారు రోజుల్లో ముగిసిపోవడం, చాలా యాంటీబయాటిక్‌లకి డోసు కొంచెం అటూ ఇటూ అయినా ఇంత తేడా కనపడకపోవడం. మొదటి రెండు మూడు రోజులు పలచటి మందు పడి జ్వరం తగ్గకపోతే "ఈ మందు పనిచేయలేదు" అని ఇంకో యాంటీబయాటిక్‌కి మారిన పిల్లలు ఎంతమంది ఉంటారో అని ఈ కేసు తర్వాత నేను చాలాసార్లు ఆలోచించాను.

పిల్లవాడికి ఇప్పుడు చిన్న గోళీ బిళ్ళలతో మాత్ర మింగడం అలవాటు చేయిస్తున్నారు. కుదిరితే మాత్రకి మారుద్దామని డాక్టరు అనుకుంటున్నారు. ఆ మార్పులోనూ ఒక మెలిక ఉంది. సస్పెన్షన్‌లో ఉండేది ఫెనిటాయిన్ ఆమ్లరూపం, మాత్రలో సాధారణంగా ఉండేది సోడియం లవణం. 100 మి.గ్రా. లవణంలో అసలు ఫెనిటాయిన్ 92 మి.గ్రా.లే. సీసా లెక్కని ఉన్నదున్నట్టు మాత్రకి దించితే డోసు 8 శాతం తగ్గుతుంది, ఈ మందుకి అదీ చిన్న తేడా కాదు. మాత్ర మొదలైన మూడు వారాలకి లెవెల్ చూడాలని కేస్ షీట్‌లో రాసి పెట్టాం. అప్పటిదాకా పొద్దునా రాత్రీ సీసా తలకిందులు చేసి అడుగు చూసే పని నాయనమ్మదే.